బీజగణితం చేతికి అందాలంటే: టైల్స్, కవర్లు, కార్డులు, నోట్‌బుక్కు... మీ పిల్లలకు ఏది?

3య + 2 ఎంత అని అడిగితే 5య అని రాసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఎర్ర ఇంకుతో కొట్టేసి, "సజాతి పదాలనే కలపాలి" అని పదోసారి చెప్పినా, వారం తిరిగేసరికి అదే 5య మళ్లీ కాగితం మీద కనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట: దీన్ని చేత్తో పట్టుకుని చూపించే వస్తువేమైనా ఉందా అని. ఉన్నాయి, కావలసినన్ని ఉన్నాయి. ఆల్జీబ్రా టైల్స్, తక్కెడలు, రెండు రంగుల బిళ్లలు, జతపరిచే కార్డులు, మడతల నోట్‌బుక్కులు, యాప్‌లు. వాటిలో ఏది తీసుకోవాలో తేలకే చాలామంది అన్నీ కొంచెం కొంచెం మొదలుపెట్టి, ఏదీ చివరిదాకా వాడరు.

ఇన్నేళ్లుగా హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెబుతూ నేను తేల్చుకున్నది ఒకటే. సామగ్రిని చూసి ఎంచుకోకూడదు, పిల్లలు చేస్తున్న తప్పును చూసి ఎంచుకోవాలి. ఒక్కో సామగ్రి ఒక్కో తప్పుకు బాగా పనిచేస్తుంది, పక్క తప్పు దగ్గర చేతులెత్తేస్తుంది.

గుర్తుల గురించి ఒక మాట. ఇందులో తెలియని రాశిని 'య' అని రాస్తున్నాను, మీరు ఎక్స్ అని చదువుకోవచ్చు. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో మొదటి తెలియని రాశిని యావత్తావత్ అన్నాడు, అంటే 'ఎంతైతే అంత' అని. ఆ తరవాతి తెలియని రాశులకు కాలక, నీలక, పీతక అంటూ రంగుల పేర్లు పెట్టాడు. తెలియనిదానికి రంగు పూసి పట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు.

## ముందు ఏం చూసుకోవాలి

ఏ తప్పు? మీ పిల్లల పాత పేపర్లు నాలుగు ముందేసుకుని చూడండి. తప్పులు దాదాపుగా ఈ అయిదు రకాల్లోకే వస్తాయి. అక్షరాన్ని సంఖ్యగా కాక వస్తువుగా చూడడం (5ప అంటే "అయిదు పెన్నులు" అనుకోవడం, నిజానికి ప అనేది పెన్నుల సంఖ్యో, ఒక పెన్ను వెలో కావాలి). సమాన గుర్తును "ఇక జవాబు రాయి" అనే ఆజ్ఞగా చదవడం (8 + 4 = □ + 5 ఇస్తే పెట్టెలో 12 రాసేవాళ్లు వీళ్లే). విజాతి పదాలను కలిపేయడం (3యను 2తో కలిపి 5య అనడం). (య + 3)² = య² + 9 అని రాయడం. రుణ గుర్తు దగ్గర తడబడడం.

వస్తువు నుంచి గుర్తులకు దారి ఉందా? అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1966లో నేర్చుకోవడానికి మూడు రూపాలు చెప్పాడు: చేత్తో చేయడం, బొమ్మగా చూడడం, గుర్తుల్లో రాయడం. సామగ్రి మొదటి మెట్టు మాత్రమే. టైల్స్ అద్భుతంగా పేర్చి, కాగితం మీద మాత్రం పాత తప్పే చేసే పిల్లలను చూశాను. పేర్చిన ప్రతిసారీ పక్కన గీయడం, ఆ పక్కన రాయడం లేకపోతే ఆ వస్తువు వేరు, లెక్క వేరు అయిపోతాయి.

ఎక్కడ ఆగిపోతుంది? ప్రతి నమూనాకూ ఒక హద్దుంది. అది తెలిసి వాడితే మంచిదే. తెలియకుండా వాడితే ఆ హద్దు దగ్గర పిల్లలకు కొత్త అపోహ పుడుతుంది.

పీరియడ్‌లో ఎంతసేపు ఆలోచన, ఎంతసేపు కత్తెర? ఇది ఎవరూ లెక్కేయరు. లెక్కేయాలి.

రేపటికి ఏం మిగులుతుంది? బల్ల మీద పేర్చింది గంట కొట్టగానే డబ్బాలోకి వెళ్లిపోతుంది. పరీక్ష ముందు రోజు పిల్లలు తిరిగి చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

| సామగ్రి | బాగా పనిచేసే చోటు | ఆగిపోయే చోటు | తయారీ శ్రమ | మర్నాటికి మిగిలేది |
|---|---|---|---|---|
| ఆల్జీబ్రా టైల్స్ | విజాతి పదాలు, విస్తరణ, కారణాంక విభజన, వర్గం పూర్తి చేయడం | ఘనాలు, భిన్న గుణకాలు, రుణాల గుణకారం | ఎక్కువ, ఒక్కసారే | బొమ్మ గీస్తేనే |
| తక్కెడ | సమాన గుర్తు అర్థం | రుణ సంఖ్యలు | మధ్యస్థం | బొమ్మ గీస్తేనే |
| కవర్లు, రెండు రంగుల బిళ్లలు | సమీకరణ సాధన, రుణ సంఖ్యలు | వర్గ పదాలు, భిన్న జవాబులు | చాలా తక్కువ | మెట్లు రాస్తేనే |
| పుల్లల నమూనాలు | చరరాశి అంటే ఏమిటి, సమాన సమాసాలు | సమీకరణ సాధన మెలకువలు | దాదాపు లేదు | పట్టిక, సూత్రం |
| కార్డులు | అపోహలు బయటపెట్టడం, రూపాలను కలపడం | కొత్త భావన మొదటిసారి చెప్పడం | మధ్యస్థం | అతికిస్తే ఉంటుంది |
| మడతల నోట్‌బుక్కు | నేర్చింది నిలబెట్టుకోవడం | అర్థం కానిదాన్ని అర్థం చేయించడం | రోజూ కొంత | అంతా |
| యాప్‌లు | గ్రాఫులు, వాలు, చర మార్పు | చేతి స్పర్శ, రాత అలవాటు | తక్కువ | దాచుకుంటేనే |

## ఆల్జీబ్రా టైల్స్

ఒక్క సామగ్రికే చోటుందంటే చాలామందికి నేను చెప్పేది ఇదే. అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఆకారాలు మూడే. భుజం 1 ఉన్న చిన్న చతురస్రం, పొడవు య, వెడల్పు 1 ఉన్న కడ్డీ, భుజం య ఉన్న పెద్ద చతురస్రం. వాటి వైశాల్యాలే వాటి పేర్లు: 1, య, య². 3య + 2 అంటే మూడు కడ్డీలు, రెండు చిన్నవి. వాటిని కలిపి 5య అనాలంటే చిన్న చతురస్రాన్ని కడ్డీ అనాలి. చేతిలో రెండూ పట్టుకున్న పిల్ల ఆ మాట అనదు.

అసలు బలం కారణాంక విభజనలో కనిపిస్తుంది. య² + 5య + 6కు సరిపడా ముక్కలు, అంటే ఒక పెద్దది, అయిదు కడ్డీలు, ఆరు చిన్నవి ఇచ్చి "ఖాళీ లేకుండా ఒక దీర్ఘచతురస్రం పేర్చు" అనండి. ఇంకేమీ చెప్పకండి. చాలామంది ముందు ఆరు చిన్నవాటినీ ఒకే వరుసలో పెడతారు. అంచులు కలపబోతే కడ్డీలు ఏడు కావాలి, ఉన్నవి అయిదే. కాసేపు అటూ ఇటూ జరిపి, ఆ ఆరింటినీ 2 × 3గా మారుస్తారు. ఒకవైపు రెండు కడ్డీలు, ఇంకోవైపు మూడు కడ్డీలు పెట్టగానే అంచులు కుదురుతాయి. భుజాలు చదివితే (య + 2), (య + 3). "లబ్ధం 6, మొత్తం 5 వచ్చే రెండు సంఖ్యలు వెతుకు" అనే సూత్రం ఎందుకు పనిచేస్తుందో వాళ్ల వేళ్లు అప్పటికే కనిపెట్టేశాయి. ఇక మిగిలింది దాన్ని మాటల్లో పెట్టడమే.

(య + 3)² కూడా అంతే. భుజం య + 3 ఉన్న చతురస్రంలో పెద్దది ఒక మూల, తొమ్మిది చిన్నవి ఎదుటి మూల పెడితే రెండు పక్కలా ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీల్లో పట్టేవి మూడు, మూడు కడ్డీలు. య² + 9 అని రాసిన పిల్లవాడికి ఆ ఖాళీ చూపించి "ఇక్కడేముంది?" అని అడిగితే చాలు.

వర్గం పూర్తి చేయడం ఈ పేర్పులోనే పుట్టిందని పిల్లలకు చెప్పండి. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ య² + 10య = 39ని ఇలాగే సాధించాడు. య² చతురస్రానికి రెండు పక్కలా 5య చొప్పున అతికిస్తే మూలలో 5 × 5 ఖాళీ మిగులుతుంది. అది పూడిస్తే మొత్తం 39 + 25 = 64, భుజం 8, కాబట్టి య = 3. 'పూర్తి చేయడం' అన్న మాటకు అర్థం ఆ మూలలోనే ఉంది.

ఇక హద్దులు. టైల్స్‌లో రుణాన్ని ఎరుపు రంగుతో చూపిస్తాం. (య − 2)(య − 3) పేర్చవచ్చు, పెద్దది ఒకటి, ఎర్ర కడ్డీలు అయిదు, మామూలు చిన్నవి ఆరు వస్తాయి. కానీ రుణం × రుణం ధనం ఎందుకైందో టైల్స్ చెప్పవు, ఆ నియమం ముందే తెలిసి ఉంటే పాటిస్తాయి. రుణ గుర్తుల సమస్యకు టైల్స్ కొనేవాళ్లు నిరాశపడేది ఇక్కడే. ఇక ఘనాలు బల్ల మీద పట్టవు. ½య లాంటివి కూడా ఇబ్బందే.

ఇంకో చిక్కు ఉంది, అది తయారీలోది. కడ్డీ పొడవు చిన్న చతురస్రాల భుజానికి సరిగ్గా అయిదింతలో ఆరింతలో ఉంటే పిల్లలు పక్కన పెట్టి కొలిచి "య అంటే 5" అని తేల్చేస్తారు. మారే సంఖ్య, అంటే చరరాశి, అక్కడితో పోయింది. కొనేటప్పుడు కడ్డీ పక్కన చిన్నవి పేర్చి చూడండి. సరిగ్గా సరిపోతే ఆ సెట్టు వద్దు.

సొంతంగా చేసుకోవడం కష్టమేమీ కాదు. చిన్న చతురస్రం భుజం 2 సెం.మీ., య పొడవు 7.3 సెం.మీ. తీసుకోండి. ఒక ఏ4 అట్ట మీద పైన 7.3 సెం.మీ. ఎత్తు పట్టీలో రెండు పెద్ద చతురస్రాలు, పక్కన మూడు నిలువు కడ్డీలు పడతాయి. దాని కింద అంతే ఎత్తు పట్టీలో పది కడ్డీలు. మిగిలిన భాగంలో వరుసకు పది చొప్పున ఏడు వరుసల చిన్నవి. మొత్తం 2 పెద్దవి, 13 కడ్డీలు, 70 చిన్నవి. ఇద్దరు పిల్లలకు సరిపోతుంది. ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు మీకు నచ్చిన రంగు వేయండి. ప్రాచీన చైనాలో లెక్కల పుల్లలతో చేసేటప్పుడు ఎరుపు ధనానికి, నలుపు రుణానికి వాడేవారు. ఇప్పుడు ఎరుపును రుణానికి వాడడం మామూలైంది. ఏ రంగైనా ఒకటే, కానీ ఏడాది మధ్యలో మార్చకండి.

## తక్కెడా, కవర్లూ బిళ్లలా?

సమీకరణాల కోసం వెతికేవాళ్లు ఈ రెండింటి మధ్యే ఊగుతుంటారు. రెండూ ఒకేలా అనిపిస్తాయి. పని మాత్రం వేరు.

తక్కెడ చెప్పేది ఒక్క మాట: రెండు వైపులా సమానం. ఆ ఒక్క మాటా తెలియని పిల్లలు చాలామంది. మన క్లాసుల్లో "అటు పంపితే గుర్తు మారుతుంది" అని నేర్పుతాం. దాంతో 2య = 8 ఇస్తే 2ను అటు పంపి య = 8 − 2 అని రాసేస్తారు. తక్కెడ ముందు నిలబెడితే ఎవరూ దేన్నీ అటు పంపరు. రెండు పళ్లాల నుంచీ ఒకే బరువు తీస్తారు, లేదా రెండు పళ్లాలనూ సమంగా పంచుతారు. పక్షాంతరం అనే మాట ఆ తరవాత, ఒక షార్ట్‌కట్‌గా చెబితే నష్టం లేదు.

నిజం తక్కెడ తెచ్చేవాళ్లకు ఒక జాగ్రత్త. తెలియని సంఖ్య దాచిన కవరుకో డబ్బాకో దాని బరువు దానికుంటుంది. ఎదుటి పళ్లెంలో అన్నే ఖాళీ కవర్లు పెట్టకపోతే ముల్లు మధ్యలో నిలవదు, పాఠం పక్కదారి పడుతుంది. తేలికపాటి బిళ్లలకు ఇంట్లో చేసిన తక్కెడ కదలదు కూడా. నట్లు, గోళీలు లాంటి కాస్త బరువైనవి, అన్నీ ఒకే బరువున్నవి వాడండి. ఒక్కరోజు నిజం తక్కెడ చూపించి, మర్నాటి నుంచి బోర్డు మీద బొమ్మ తక్కెడ వాడితే చాలని నా అభిప్రాయం.

కవర్లూ బిళ్లలూ రోజూ వాడగలిగేవి. కాగితం మధ్యలో నిలువు గీత గీసి అదే సమాన గుర్తనుకోండి. 2య + 3 = 11కు ఎడమ పక్క రెండు కవర్లు, మూడు బిళ్లలు. కుడి పక్క పదకొండు బిళ్లలు. ప్రతి కవరులో ముందే నాలుగు బిళ్లలు దాచి ఉంచండి. పిల్లలు రెండు వైపులా మూడేసి తీసి, మిగిలిన ఎనిమిదిని రెండు కవర్లకు పంచి, "నాలుగు" అన్నాక కవరు తెరవనివ్వండి. జవాబు సరిచూడడం అంటే ఏమిటో ఆ తెరవడంలో తెలుస్తుంది. మీరు టిక్కు పెట్టనక్కర్లేదు. 3య + 2 = య + 10 కూడా ఇలాగే: ముందు రెండు వైపులా ఒక్కో కవరు తీసేయడమే.

తక్కెడ ఆగిపోయే చోట బిళ్లలు ముందుకు వెళ్తాయి. య + 5 = 2 ఇస్తే తక్కెడ మీద అయిదు తీయడానికి అవతల రెండే ఉన్నాయి. రెండు రంగుల బిళ్లలతో అయితే రెండు వైపులా అయిదేసి ఎర్రవి (రుణాలు) వేస్తాం. ఎడమ పక్క అయిదు జతలు రద్దు, కవరొక్కటే మిగులుతుంది. కుడి పక్క రెండు జతలు రద్దు, మూడు ఎర్రవి మిగులుతాయి. య = −3. ఇక్కడ మన భాష మనకు పెద్ద సాయం. ధన సంఖ్య, రుణ సంఖ్య అనే పేర్లలోనే సొమ్మూ అప్పూ ఉన్నాయి. బ్రహ్మగుప్తుడు 628లో ధనం, రుణం, శూన్యం మధ్య కూడికలు, తీసివేతల నియమాలు చెప్పింది ఈ మాటలతోనే. చేతిలో ఒకటి, అప్పు ఒకటి ఉంటే మిగిలేది సున్నా అని చెబితే 'సున్నా జత'కు వేరే వివరణ అక్కర్లేదు.

బిళ్లల హద్దు భిన్నాలు. 2య = 7 దగ్గర బిళ్లను విరగ్గొట్టలేం. ఆ రోజు బిళ్లలు పక్కనపెట్టి, పొడవు పట్టీల బొమ్మ గీసి సగం చేయించండి.

## పుల్లలతో నమూనాలు

దీనికి ఖర్చు లేదు, తయారీ లేదు. బహుశా అందుకే దీన్ని ఎవరూ సామగ్రి కింద లెక్కపెట్టరు. కానీ "య అంటే అసలేంటి?" అనే పిల్లలకు ఇంతకన్నా మంచి మొదలు నాకు తెలియదు.

పుల్లలతో ఒక చదరం పేర్చండి, నాలుగు పుల్లలు. పక్కనే దాని గోడను పంచుకుంటూ ఇంకోటి, మొత్తం ఏడు. మూడోదానితో పది. "నూరు చదరాలకు ఎన్ని?" అని అడగండి. నూరు పేర్చడానికి పుల్లలు చాలవు కాబట్టి ఆలోచించాలి.

మూడు బెంచీల నుంచి మూడు జవాబులు రావడం ఇందులోని అందం. ఒకరు "మొదట ఒక నిలువు పుల్ల, ఆ తరవాత చదరానికి మూడు" అంటారు: 3య + 1. ఒకరు "మొదటి చదరానికి నాలుగు, మిగతావాటికి మూడేసి" అంటారు: 4 + 3(య − 1). ఇంకొకరు అడ్డ పుల్లలు, నిలువు పుల్లలు వేరు చేసి లెక్కపెడతారు: 2య + (య + 1). బోర్డు మీద మూడూ పక్కపక్కన రాస్తే, మూడూ ఒకటే కావాలని పుల్లలే చెబుతున్నాయి. బ్రాకెట్లు విప్పి సజాతి పదాలు కలపడానికి పిల్లలకు మొదటిసారి ఒక కారణం దొరుకుతుంది. ఇక్కడ య ఒక వస్తువు కాదు, దాగిన ఒకే సంఖ్య కూడా కాదు. అది మారే సంఖ్య. కవర్లు నేర్పలేనిది ఇదే, కవరులో ఎప్పుడూ ఒకే సంఖ్య ఉంటుంది కదా.

సమీకరణాలు సాధించడానికి మాత్రం పుల్లలు పెద్దగా పనికిరావు. మొదటి వారానికి వాడుకోండి.

## కార్డులు

రెండు రకాలు ఉన్నాయి. మొదటివి జతపరిచేవి: ఒక సంబంధాన్ని మాటల్లో, సూత్రంగా, పట్టికగా, గ్రాఫుగా నాలుగు కార్డుల మీద రాసి, కలిపేసి, నాలుగేసి గుంపులు చేయమంటాం. ఒక్కో సెట్టులో ఒక కార్డు ఖాళీగా వదలండి, పిల్లలే నింపాలి. లేకపోతే చివర మిగిలిన కార్డులు ఆలోచించకుండానే జత కలిసిపోతాయి.

రెండోవి నాకు ఎక్కువ ఇష్టం. ఒక్కో కార్డు మీద ఒక వాక్యం: "2(య + 3) = 2య + 6", "య + 3 = య + 5", "2య > య", "(అ + ఇ)² = అ² + ఇ²". ఇద్దరిద్దరు కూర్చుని వాటిని 'ఎప్పుడూ నిజం', 'ఒక్కోసారి నిజం', 'ఎప్పుడూ నిజం కాదు' అనే మూడు కుప్పలుగా వేయాలి. 2య > య దగ్గర గొడవ మొదలవుతుంది. రెట్టింపు పెద్దది కాక ఏమవుతుందని ఒకరు, సున్నా పెట్టి చూడమని ఇంకొకరు. −3 పెట్టేసరికి −6 వచ్చి, ఇద్దరూ ఆగుతారు. నాలుగో కార్డును 'ఎప్పుడూ నిజం కాదు' కుప్పలో వేసినవాళ్లను అ = 0 పెట్టి చూడమనండి.

కార్డులు కొత్త పాఠం చెప్పవు, లోపల దాగిన అపోహను బయటకు లాగుతాయి. కాబట్టి పాఠానికి ముందు కాదు, రెండు మూడు రోజుల తరవాత వాడండి. మాట్లాడుకోవడానికి పక్కన ఒకరు ఉండాలి. ఒంటరిగా చదువుకునే పిల్లలకు వీటి విలువ సగం తగ్గిపోతుంది.

## మడతల నోట్‌బుక్కు

చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి అందరినీ ముందు ఆకర్షించేది ఇదే. రెక్కలు, జేబులు, అకార్డియన్ మడతలు, రంగులు. పద్ధతి కూడా సరళం: కుడి పేజీలో టీచర్ చెప్పింది, ఎడమ పేజీలో దాంతో పిల్లలు చేసింది. మొదటి పేజీల్లో విషయసూచిక. ఏడాది చివరికి ప్రతి పిల్లకూ తాను రాసుకున్న సొంత పాఠ్యపుస్తకం ఉంటుంది.

ఒక ఏడాది నా క్లాసులో ఘాతాంక న్యాయాలకు ఆరు రెక్కల పువ్వు చేయించాను. కత్తిరించడం, మడవడం, అతికించడం, రంగులు వేయడం అయ్యేసరికి పీరియడ్ చివర ఏడెనిమిది నిమిషాలు మిగిలాయి. రెక్క మీద న్యాయం పేరు, రెక్క కింద సూత్రం, రెండూ బోర్డు మీంచి దించుకున్నవే. వారం తరవాత అడిగితే పువ్వు అందరికీ గుర్తుంది, న్యాయాలు కొందరికే గుర్తున్నాయి. అప్పటి నుంచి మడత చేయించే ముందు ఒకటే చూసుకుంటున్నాను: రెక్క ఎత్తే ముందు పిల్ల ఏదైనా ఆలోచించాలా, ఊరికే ఎత్తి చదవాలా?

ఆలోచింపజేసే మడత ఇలా ఉంటుంది. రెక్క పైన −2(య − 4) = 10 అనే లెక్క, దాని కింద ఎవరో తప్పు చేసిన మెట్లు: −2య − 8 = 10. రెక్క ఎత్తితే, తప్పెక్కడ జరిగిందో పిల్ల తన మాటల్లో రాసింది, సరైన మెట్లు, య = −1 పెట్టి సరిచూసింది. ఈ మడతకు కత్తెర గాటు ఒక్కటే. పరీక్ష ముందు రోజు పైభాగం చూసి తప్పు పట్టి, ఆ తరవాత ఎత్తి సరిచూసుకోవచ్చు.

ఇంకొకటి నాలుగు గదుల పేజీ. ఫ్రేయర్ నమూనా అంటారు, 1969 నాటిది. మధ్యలో ఒక పదం, చుట్టూ నిర్వచనం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణలు కానివి. సమాసానికీ సమీకరణానికీ తేడా తెలియని పిల్లలు (2య + 6 ఇస్తే "య = −3" అని సాధించేసేవాళ్లు) ఆ నాలుగో గది దగ్గరే ఆగి ఆలోచిస్తారు. కత్తెర అసలు అక్కర్లేదు.

చిన్న చిన్న పనులు కూడా చెప్పాలి. జిగురు పేజీ అంతా పూస్తే పుస్తకం ఉబ్బి, సగం ఏడాదికే కుట్టు తెగుతుంది. అంచున సన్నని గీతలా పూస్తే చాలు. వెనక అట్ట లోపల ఒక కవరు అతికించి అందులో అట్ట టైల్స్ కొన్ని ఉంచుకోమనండి, ఇంట్లోనూ పనికొస్తాయి. రాయడం నెమ్మదిగా ఉండే పిల్లలకు సగం నింపిన పేజీ ఇవ్వండి, వాళ్ల సమయం దించుకోవడానికి పోకుండా ఉంటుంది.

నోట్‌బుక్కు ఒక్కటే అర్థం చేయించదు. టైల్స్‌తో, బిళ్లలతో, కార్డులతో అర్థమైనదాన్ని నిలబెడుతుంది. అందుకే దీన్ని మిగతావాటికి పోటీగా కాక, వాటి పక్కన పెట్టి చూడండి.

## యాప్‌లు

క్లుప్తంగా చెబుతాను. గ్రాఫుల దగ్గర వీటికి సాటి లేదు. జియోజీబ్రాలోనో డెస్మోస్‌లోనో వాలు విలువను స్లైడర్‌తో జరుపుతుంటే గీత కళ్ల ముందు తిరుగుతుంది. చేత్తో గీస్తే గంటలో నాలుగు గీతలు, ఇక్కడ నిమిషంలో నలభై. కాకపోతే కనీసం మూడు గ్రాఫులు చేత్తో గీశాకే తెర చూపించండి. లేకపోతే ఆ గీత బిందువుల వరుస అని పిల్లలకు తట్టదు.

పాలీప్యాడ్‌లో తెర మీది టైల్స్ ఉన్నాయి, ఫెట్ వారి సిమ్యులేషన్లలో తక్కెడ ఉంది. అట్ట ముక్కలు పోతాయి, కిందపడతాయి అనుకునేవాళ్లకు, క్లాసంతటికీ ఒకే తెర మీద చూపించాలనుకునేవాళ్లకు ఇవి మేలు. మొదటి పరిచయం మాత్రం చేతి ముక్కలతోనే జరగాలి.

## మీరెవరైతే ఏది

పెద్ద క్లాసుకు చెప్పే టీచరైతే టైల్స్ ఇద్దరికొక సెట్టు చొప్పున చేయించండి. ఒకరు పేర్చాలి, ఒకరు గుర్తుల్లో రాయాలి, ప్రతి లెక్కకూ పాత్రలు మారాలి. ఈ ఒక్క నియమంతో ముక్కలతో ఆడుకోవడం చాలావరకు తగ్గుతుంది. వారానికి ఒక కార్డుల పీరియడ్. నోట్‌బుక్కులో వారానికి ఒక మడత చాలు, రోజూ వద్దు. తక్కెడ మీ బల్ల మీద ఒక్కటి ఉంటే సరిపోతుంది.

ఇంట్లో ఒక్క పిల్లకో పిల్లాడికో చెప్పే అమ్మానాన్నలైతే కవర్లూ బిళ్లలతో మొదలుపెట్టండి. పాత కవర్లు, రెండు రంగుల బొత్తాలు చాలు. మీకు బీజగణితం మరిచిపోయి చాలా ఏళ్లయినా ఫర్వాలేదు, కవరు తెరిస్తే జవాబు ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. కార్డుల దగ్గర మీరే అవతలి వాదన వినిపించండి, కావాలనే ఒక తప్పు పక్షం పట్టండి. నోట్‌బుక్కును అలంకరించే పని మీ చేతుల్లోకి తీసుకోకండి.

వెనకబడిన పిల్లలకు విడిగా చెప్పేవాళ్లైతే పాఠం వరుస పట్టుకోకుండా పైన చెప్పిన అయిదు తప్పుల్లో ఏది ఉందో ముందు తేల్చండి. □ లెక్క ఒకటి, 3య + 2 ఒకటి, (య + 3)² ఒకటి, −(య − 4) ఒకటి, "5ప అంటే ఏమిటో ఒక వాక్యంలో రాయి" ఒకటి ఇస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. □ దగ్గర తప్పితే తక్కెడ. 5ప దగ్గర తప్పితే పుల్లలు. 3య + 2 దగ్గరో (య + 3)² దగ్గరో తప్పితే టైల్స్. గుర్తు దగ్గర తప్పితే రెండు రంగుల బిళ్లలు. అన్నిటా తప్పితే పుల్లలతో మొదలుపెట్టి తక్కెడకు రండి, టైల్స్‌కు తొందరపడకండి.

సొంతంగా మళ్లీ నేర్చుకుంటున్న పెద్దవాళ్లైతే అట్ట టైల్స్ ఒక సెట్టు, ఒక లావుపాటి నోట్‌బుక్కు, గ్రాఫులకు ఒక యాప్. మీకు మడతలు అక్కర్లేదు, నాలుగు గదుల పేజీలు మాత్రం వదలకండి. చిన్న ముక్కలతో కూర్చోవడానికి మొహమాటపడకండి, అల్ ఖ్వారిజ్మీ కూడా చతురస్రాలు గీసే ఒప్పించాడు.

## ఎప్పుడు పక్కన పెట్టాలి

తొందరగా లాక్కుంటే పిల్లలు మళ్లీ బట్టీలోకి జారిపోతారు. ఆలస్యం చేస్తే ముక్కల్లేకుండా చేయలేమని భయపడతారు. నేను చూసే గుర్తు ఇది: (య + 7)(య + 9) ఇస్తాను. అన్ని ముక్కలు మన సెట్టులో ఉండవు, కడ్డీలే 16 కావాలి, ఉన్నవి 13. పిల్ల కాసేపు డబ్బాలో వెతికి, వదిలేసి, కాగితం మీద ఒక పెట్టె గీసి నాలుగు గదులు చేసి య², 9య, 7య, 63 అని నింపితే ఇక టైల్స్ అక్కర్లేదు. నింపలేకపోతే (య + 2)(య + 4) చేతికిచ్చి, ఈసారి పేర్చిన ప్రతిదానికీ పక్కన అదే పెట్టె గీయించండి. రెండు మూడు పీరియడ్లలో పెట్టె గీయడమే ముందు, పేర్చడం తరవాత అవుతుంది. ఆ పెట్టె బొమ్మను మాత్రం నోట్‌బుక్కులో నుంచి తీయించకండి. బహుపదుల గుణకారంలో, భాగహారంలో కూడా అదే పెట్టె కావాలి.